హార్మోను పునఃస్థాపన చికిత్స విరమణ

రజోనివృత్తి దశలో ఉపశమనం కొరకు ఈస్ట్రోజెన్ తదితర హార్మోనులను వాడుతున్న స్త్రీ ఆ మందుల మోతాదును క్రమంగా తగ్గించుకొనడాన్ని గాని, పూర్తిగా మానివేయడాన్ని గాని హార్మోను పునఃస్థాపన చికిత్స విరమణ అంటారు. ఈ చికిత్సకు హెచ్.ఆర్.టి. అనే పొట్టి పేరు ఎక్కువ వాడుకలో ఉంది. చికిత్సను ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరికి ఇవ్వాలి అన్న ప్రశ్నలపై వేల పుటల వైద్య సాహిత్యం ఉంది. ఎలా మానాలి అన్న ప్రశ్నపై ఉన్నది మాత్రం కొద్దిపాటి పరిశోధనలే. మొదలుపెట్టిన ప్రతి స్త్రీ ఏదో ఒక నాడు మానడం గురించి ఆలోచించక తప్పదు కనుక ఈ విషయాన్ని విడిగా తెలుసుకొనడం అవసరం.

నేపథ్యం

స్త్రీ అండాశయాలలోని అండాల నిల్వ తరిగిపోయి, ఈస్ట్రోజెన్ ఉత్పత్తి బాగా పడిపోయినప్పుడు ఋతుస్రావం శాశ్వతంగా ఆగిపోతుంది. వరుసగా 12 నెలల పాటు ముట్టు రాకపోతే రజోనివృత్తి జరిగినట్లు వైద్యులు నిర్ధారిస్తారు. వాడుక భాషలో దీనినే ముట్లుడగడం, ముట్లు ఆగిపోవడం అంటారు. పాశ్చాత్య దేశాలలో ఇది సగటున 51 ఏళ్ళ ప్రాంతంలో జరుగుతుంది. భారతదేశంలో సగటు వయస్సు 46, 47 ఏళ్ళే. నాలుగైదు ఏళ్ళ ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు గాని, ఎంతకాలం మందు వాడాలి అన్న లెక్క దగ్గరకు వచ్చేసరికి దీనికి ప్రాధాన్యత ఏర్పడుతుంది.

ఈ దశలో కనిపించే లక్షణాలలో ముఖ్యమైనవి వేడి ఆవిర్లు. ఛాతీ నుండి మెడకు, ముఖానికి ఉన్నట్లుండి వేడి ఎగదన్నడం, ఆ వెంటనే చెమటలు పట్టడం, తరువాత చలి వేయడం దీని క్రమం. ఇదే రాత్రిపూట వస్తే నిద్ర చెడుతుంది. నిద్ర చెడిన తరువాత చిరాకు, మరుపు, నీరసం దాని వెంటే వస్తాయి. యోని పొడిబారడం, మూత్రంలో మంట, కీళ్ళ నొప్పులు కూడా ఉండవచ్చు. అమెరికాలో జరిగిన ఒక దీర్ఘకాల అధ్యయనంలో తరచుగా వేడి ఆవిర్లు వచ్చే స్త్రీలలో ఆ బాధ సగటున 7.4 సంవత్సరాలు కొనసాగినట్లు 2015లో తేలింది. రెండు మూడేళ్ళలో అదే తగ్గిపోతుందన్న పాత నమ్మకం అందరి విషయంలోనూ సరికాదని దీనివలన తెలుస్తున్నది.

వేడి ఆవిర్లకు కారణం ఈస్ట్రోజెన్ తక్కువగా ఉండడమే అనుకుంటే పొరపాటు. యుక్తవయస్సు రాని బాలికలలో కూడా ఈస్ట్రోజెన్ తక్కువే, కాని వారికి వేడి ఆవిర్లు రావు. పుట్టుకతోనే అండాశయాలు ఎదగని స్త్రీలకు కూడా ఇవి రావు. అయితే అటువంటి వారికి కొంతకాలం ఈస్ట్రోజెన్ ఇచ్చి ఆపివేస్తే మాత్రం వస్తాయి. అంటే శరీరం ఒకసారి ఈ హార్మోనుకు అలవాటు పడిన తరువాత అది తగ్గిపోవడమే అసలు కారణం. మెదడులోని హైపోథలామస్ అనే భాగంలో శరీర ఉష్ణోగ్రతను అదుపు చేసే కేంద్రం ఉంది. అక్కడి కొన్ని నాడీకణాలకు ఈస్ట్రోజెన్ కళ్ళెం వంటిది. ఆ కళ్ళెం తొలగగానే అవి అతిగా స్పందిస్తాయి. శరీరం ఏమాత్రం వేడెక్కినా ప్రమాదమని భావించి చర్మపు రక్తనాళాలను తెరచి చెమట పట్టిస్తాయి. మందు మానినప్పుడు జరిగేది కూడా సరిగ్గా ఇదే కనుక ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చికిత్సలో వాడే మందులు

ఈ చికిత్సలో ప్రధానమైన మందు ఈస్ట్రోజెన్. ఇది మాత్రలుగాను, చర్మానికి అంటించుకునే పట్టీలుగాను, పూసుకునే జెల్‌గాను దొరుకుతుంది. గర్భిణీ గుర్రాల మూత్రం నుండి తీసిన ఈస్ట్రోజెన్లతో చేసిన ప్రెమరిన్ అనే మాత్ర 1942లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే న్యూయార్క్ వైద్యుడు ఫెమినిన్ ఫరెవర్ అనే పుస్తకం వ్రాసి, రజోనివృత్తి ఒక లోపజబ్బు అనీ, ఈస్ట్రోజెన్‌తో దానిని జీవితాంతం వాయిదా వేయవచ్చుననీ ప్రచారం చేశాడు. మానడం అన్న ప్రశ్న ఆ ప్రచారంలో అసలు లేదు.

కాని 1975లో రెండు అధ్యయనాలు ఈస్ట్రోజెన్‌ను ఒంటరిగా వాడితే గర్భాశయం లోపలి పొర దళసరి అయి క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుందని చూపాయి. అప్పటినుండి గర్భాశయం ఉన్న స్త్రీలకు ఈస్ట్రోజెన్‌తో పాటు ఆ పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టోజెన్ అనే రెండవ హార్మోనును కూడా ఇస్తున్నారు. గర్భాశయం తొలగించిన స్త్రీలకు సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. ఈ రెండు వర్గాల తేడాను మరువకూడదు. ఈ వ్యాసంలో ముందు చెప్పబోయే ప్రతి అంకె దీనిపైనే ఆధారపడి ఉంది.

2002 జూలై

హార్మోనులను మానడం గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఒక హఠాత్ సంఘటన వలన తెలిసింది. విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే భారీ పరిశోధనను అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు 1990లలో చేపట్టాయి. అందులో గర్భాశయం ఉన్న 16,608 మంది స్త్రీలను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ కలిపిన మాత్రను, రెండవ వర్గానికి మందు లేని ఉత్తుత్తి మాత్రను ఇచ్చారు. ఎనిమిదిన్నర ఏళ్ళు జరగవలసిన ఈ ప్రయోగాన్ని సగటున 5.2 ఏళ్ళకే, 2002 జూలైలో, అర్ధాంతరంగా ఆపివేశారు. ప్రతి 10,000 మంది స్త్రీలకు ఏడాదికి రొమ్ము క్యాన్సర్ కేసులు 8, గుండె జబ్బు కేసులు 7, పక్షవాతం కేసులు 8, ఊపిరితిత్తుల రక్తనాళాలలో గడ్డలు 8 చొప్పున అధికంగా కనబడ్డాయి. అదే సమయంలో తుంటి ఎముక విరగడం 5, పెద్ద పేగు క్యాన్సర్ 6 చొప్పున తగ్గాయి.

గర్భాశయం లేని 10,739 మందితో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడి చూసిన రెండవ ప్రయోగాన్ని పక్షవాతం పెరిగిందన్న కారణంతో 2004లో ఆపారు. విశేషమేమంటే అందులో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. తరువాతి సంవత్సరాల పరిశీలనలో అది తగ్గినట్లే తేలింది. ఈ మధ్యలో, 2003లో, పది లక్షలకు పైగా బ్రిటిష్ స్త్రీలను పరిశీలించిన మిలియన్ విమెన్ స్టడీ ఫలితాలు కూడా వెలువడి భయాన్ని పెంచాయి.

పత్రికలు ఈ వార్తలను మొదటి పుటలలో ప్రచురించాయి. ఏడాదికి 8 కేసులు అన్న అసలు అంకె కన్నా, 26 శాతం పెరుగుదల అన్న అంకెనే జనం గుర్తుంచుకున్నారు. ప్రయోగంలో పాల్గొన్న స్త్రీల సగటు వయస్సు 63 ఏళ్ళు అన్న సంగతి, అంటే వారిలో చాలామంది రజోనివృత్తి జరిగి పదేళ్ళు దాటినవారే అన్న సంగతి, మరుగున పడింది. అమెరికాలో 2001లో సుమారు 9 కోట్లుగా ఉన్న హార్మోను మందుల చీటీల సంఖ్య 2003 నాటికి 5.7 కోట్లకు పడిపోయింది. లక్షలాది స్త్రీలు వైద్యుని అడగకుండానే ఒక్కరోజులో మానివేశారు. 2003లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ కేసుల రేటు అంతకు ముందు సంవత్సరం కన్నా 6.7 శాతం తగ్గింది. హార్మోనులు మానడమే దీనికి కారణమని కొందరు, ఎక్స్‌రే పరీక్షలు చేయించుకునేవారు తగ్గడం కూడా కారణమని మరికొందరు వాదించారు.

మానిన తరువాత జరిగేవి

ప్రయోగం ఆగిన తరువాత అందులో పాల్గొన్న 8,405 మంది స్త్రీలకు ప్రశ్నావళి పంపి సేకరించిన వివరాలు 2005లో ప్రచురితమైనాయి. అసలు మందు వాడి మానినవారిలో 21.1 శాతం మందికి ఓ మోస్తరు నుండి తీవ్రమైన వేడి ఆవిర్లు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర మానినవారిలో ఇది 4.8 శాతం మాత్రమే. చికిత్సకు ముందు వేడి ఆవిర్లు ఉన్నవారిని మాత్రమే విడిగా చూస్తే, మందు మానిన తరువాత సగానికి పైగా, అంటే 55.5 శాతం మందికి, ఆ బాధ తిరిగి వచ్చింది. ఒళ్ళు నొప్పులు, కీళ్ళు పట్టివేయడం కూడా మందు మానినవారిలో ఎక్కువగా (36.8 శాతం, మరొక వర్గంలో 22.2 శాతం) కనిపించాయి. ఈ నొప్పులను వయస్సు మీద పడడం వలన వచ్చినవిగా భావించి ఊరుకునేవారు చాలామంది ఉంటారు.

ఇది మత్తుమందు మానినప్పుడు కలిగే బాధ వంటిది కాదని గ్రహించాలి. హార్మోనుకు బానిస కావడం అంటూ ఏదీ లేదు. మందు ఇన్నాళ్ళూ కప్పి ఉంచిన లక్షణాలు, అవి అప్పటికింకా సహజంగా తగ్గిపోయి ఉండకపోతే, మందు తీసివేయగానే బయటపడతాయి. ఎవరికి తిరిగి వస్తాయో, ఎవరికి రావో ముందుగా చెప్పగల రక్తపరీక్ష ఏదీ లేదు. మొదట బాధ తీవ్రంగా ఉండి చికిత్స ప్రారంభించినవారికి తిరిగివచ్చే అవకాశం ఎక్కువ అని మాత్రం చెప్పవచ్చు. మానిన కొన్ని రోజులు మొదలుకొని కొన్ని వారాలలోపు లక్షణాలు కనబడి, చాలామందిలో కొన్ని నెలలలో నెమ్మదిస్తాయి. తాళలేక తిరిగి మందు మొదలుపెట్టేవారు కూడా తక్కువేమీ కాదు. 2003లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక పరిశీలనలో మానడానికి ప్రయత్నించిన స్త్రీలలో 26 శాతం మంది మళ్ళీ మందుకు మళ్ళారు.

వేడి ఆవిర్లు కాలక్రమేణా తగ్గుతాయి గాని, యోని పొడిబారడం, మూత్ర సంబంధమైన ఇబ్బందులు కాలం గడిచే కొద్దీ పెరుగుతాయే తప్ప వాటంతట అవి తగ్గవు. చికిత్స మానిన ఒకటి రెండేళ్ళకు ఈ బాధలు మొదలైతే, దానికీ మందు మానడానికీ సంబంధం ఉందన్న ఆలోచనే చాలామందికి రాదు. చెప్పుకొనడానికి సంకోచం ఇంకొక అడ్డంకి. వీటికి తక్కువ మోతాదులో యోనిలో వాడే ఈస్ట్రోజెన్ క్రీము గాని, మాత్ర గాని సరిపోతుంది. ఇది రక్తంలో చాలా స్వల్పంగా మాత్రమే కలుస్తుంది కనుక మిగిలిన చికిత్స మానినా దీనిని కొనసాగించవచ్చు. దీనితో పాటు ప్రొజెస్టోజెన్ వాడనవసరం లేదు.

ఎముకల విషయం కొంత వివాదాస్పదం. ఈస్ట్రోజెన్ ఎముకలను కాపాడుతుంది. అది ఆగగానే ఎముక సాంద్రత మళ్ళీ తగ్గనారంభిస్తుందనడంలో సందేహం లేదు. దక్షిణ కాలిఫోర్నియాలో 80,955 మంది స్త్రీలను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మందు మానినవారిలో తుంటి ఎముక విరగడం, కొనసాగించినవారి కన్నా 55 శాతం ఎక్కువ. అయితే విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్‌లోని స్త్రీలను మందు ఆపిన తరువాత గమనించినప్పుడు, ఉత్తుత్తి మాత్ర వాడినవారి కన్నా వారిలో ఎముకలు విరగడం పెరగలేదని 2017లో ప్రకటించారు. ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపించినా నిజానికి కావు. మొదటిది మందు కొనసాగించినవారితో పోలిక, రెండవది మందు అసలు వాడనివారితో పోలిక. మందు ఇచ్చిన రక్షణ మందుతోనే పోతుందని, అంతకు మించి అదనపు నష్టం రుజువు కాలేదని చెప్పుకోవచ్చు. ఎముకలు గుల్లబారే అవకాశం ఉన్న స్త్రీ మందు మానే ముందు సాంద్రత పరీక్ష చేయించుకుని, అవసరమైతే ఎముకల కొరకే ఉద్దేశించిన వేరే మందుకు మారడం మేలు.

గుండె, రక్తనాళాలకు సంబంధించిన అదనపు ప్రమాదం మందు మానిన రెండు మూడేళ్ళలో తొలగిపోయినట్లు 2008లో ప్రచురించిన ఫలితాలలో తేలింది. దీనికి భిన్నంగా, 3,32,202 మంది ఫిన్లాండు స్త్రీల రికార్డులను పరిశీలించిన శాస్త్రవేత్తలు మందు మానిన మొదటి సంవత్సరంలో గుండె జబ్బు, పక్షవాతం మరణాలు సాధారణం కన్నా ఎక్కువగా ఉన్నాయని 2015లో వ్రాశారు. అయితే జబ్బు పడడం వలననే కొందరు మందు మాని ఉండవచ్చు. అటువంటప్పుడు మానడం మరణానికి కారణమని నిర్ణయించడం కష్టం. రొమ్ము క్యాన్సర్ ప్రమాదం మానిన తరువాత తగ్గుతుంది గాని వెంటనే సున్నా కాదు. ప్రపంచవ్యాప్తంగా 58 అధ్యయనాలను క్రోడీకరించి 2019లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఎక్కువకాలం వాడినవారిలో మానిన పదేళ్ళ తరువాత కూడా కొంత అదనపు ప్రమాదం మిగిలి ఉంటుంది. 50వ ఏట మొదలుపెట్టి 5 ఏళ్ళు ప్రతిరోజూ రెండు హార్మోనులూ వాడితే, తరువాతి కాలాన్ని కూడా కలుపుకొని 20 ఏళ్ళలో ప్రతి 50 మందిలో ఒకరికి అదనంగా ఈ క్యాన్సర్ రావచ్చునని, ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో ప్రతి 200 మందిలో ఒకరికి అని అందులో అంచనా వేశారు.

మానినప్పుడు తరచుగా మరచిపోయే విషయం ఇంకొకటి ఉంది. నోటిద్వారా తీసుకునే ఈస్ట్రోజెన్, రక్తంలో థైరాయిడ్ హార్మోనును పట్టి ఉంచే ప్రోటీనును పెంచుతుంది. అందువలన థైరాయిడ్ మాత్రలు వాడే స్త్రీకి ఆ మోతాదు పెంచవలసి వచ్చి ఉండవచ్చు. ఈస్ట్రోజెన్ మాత్ర మానినప్పుడు ఆ పెంచిన మోతాదు ఎక్కువై గుండె దడ, చెమటలు కలుగవచ్చు. వీటిని చూసి రజోనివృత్తి లక్షణాలే తిరిగి వచ్చాయని పొరబడడం సులభం. మానిన ఆరు నుండి ఎనిమిది వారాల తరువాత థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే ఈ చిక్కు తీరుతుంది. చర్మంపై వాడే పట్టీలు, జెల్ వలన ఈ సమస్య ఉండదు.

క్రమంగానా, ఒక్కసారిగానా?

మోతాదును మెల్లగా తగ్గిస్తే శరీరం సర్దుకుంటుందని తర్కానికి తోస్తుంది. వైద్యులలో ఎక్కువమంది అలాగే సలహా ఇస్తారు. ప్రయోగాలు మాత్రం ఈ నమ్మకానికి పూర్తి మద్దతు ఇవ్వలేదు. ఇజ్రాయెల్‌లో 91 మంది స్త్రీలతో జరిపి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక్కసారిగా మానినవారికి మొదటి మూడు నెలలలో బాధ ఎక్కువగా ఉంది. క్రమంగా తగ్గించినవారికి ఆరవ నెల వద్ద బాధ ఎక్కువైంది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలకూ తేడా లేకపోయింది. స్వీడన్‌లో 87 మందితో జరిపిన ప్రయోగంలో (2010) నాలుగు వారాల పాటు తగ్గించి మానినా, ఒకేసారి మానినా వేడి ఆవిర్లలో తేడా కనబడలేదు. ఏడాదిలోపు దాదాపు ప్రతి ఇద్దరిలో ఒకరు మళ్ళీ మందు మొదలుపెట్టారు. అంటే క్రమంగా తగ్గించడం వలన బాధ తప్పదు, వాయిదా పడుతుంది.

బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2015లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ సాక్ష్యాన్ని అనుసరించే, రెండు పద్ధతులలో దేనినైనా ఎంచుకునే స్వేచ్ఛ స్త్రీకే ఇవ్వాలన్నాయి. క్రమంగా తగ్గిస్తే మొదటి కొద్దికాలం లక్షణాలు తక్కువగా ఉండవచ్చు గాని, దీర్ఘకాలంలో తేడా లేదని ఆ పత్రం చెబుతున్నది. క్రమపద్ధతికి ఒక ఆచరణాత్మక ప్రయోజనం మాత్రం ఉంది. దారిలో ఎక్కడైనా బాధ తిరగబెడితే, ఏ మోతాదు దగ్గర తిరగబెట్టిందో తెలుస్తుంది. కొందరికి మొదటి మోతాదులో సగమే చాలునని అప్పుడే బయటపడుతుంది. అటువంటివారు పూర్తిగా మానకుండా ఆ తక్కువ మోతాదు దగ్గరే ఆగిపోవచ్చు.

తగ్గించే తీరు మందు రూపాన్ని బట్టి ఉంటుంది. 2 మిల్లీగ్రాముల ఈస్ట్రడయాల్ మాత్ర వాడేవారు కొన్ని వారాలు 1 మిల్లీగ్రాము మాత్రకు మారి, తరువాత రోజు విడిచి రోజు వేసుకుని, ఆపై మానుతారు. 50 మైక్రోగ్రాముల పట్టీ వాడేవారు 25 మైక్రోగ్రాముల పట్టీకి మారుతారు. మందు అంటు పదార్థంలోనే కలిసి ఉండే పట్టీలను కత్తిరించి సగం వాడవచ్చు. మందు సంచిలా నిలవ ఉండే రకాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోను కత్తిరించకూడదు, లోపలి మందంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. జెల్ అయితే పూసుకునే పరిమాణాన్ని తగ్గించడమే. మొత్తం మీద మూడు నుండి ఆరు నెలలు పట్టేలా చూసుకొనడం పరిపాటి. తెలుగునాట అయితే ఏప్రిల్, మే నెలల ఎండలలో ఈ పని మొదలుపెట్టకుండా చలికాలానికి ముందు మొదలుపెట్టడం మంచిది. ఇది ప్రయోగాలలో తేలిన విషయం కాదు, కాని ఇంగితానికి తగినది.

ప్రొజెస్టోజెన్ విషయంలో జాగ్రత్త

రెండు మందులు విడివిడిగా వాడే స్త్రీలు చేసే తప్పులలో అత్యంత ప్రమాదకరమైనది ప్రొజెస్టోజెన్‌ను ముందుగా మానివేసి ఈస్ట్రోజెన్‌ను కొనసాగించడం. మగత, కడుపు ఉబ్బరం, చిరాకు వంటి ఇబ్బందులు ప్రొజెస్టోజెన్ వలననే ఎక్కువగా కలుగుతాయి. అందువలన మానదలచినవారి చూపు సహజంగా మొదట దానిపైనే పడుతుంది. గర్భాశయం ఉన్న స్త్రీ ఇలా చేస్తే గర్భాశయపు పొర అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది. 1975లో బయటపడిన ప్రమాదం ఇదే. ఈస్ట్రోజెన్ ఏ కొంచెం వాడుతున్నంత కాలమైనా ప్రొజెస్టోజెన్ ఉండవలసిందే. మానితే రెండూ కలిసి మానాలి. నెలలో కొన్ని రోజులే ప్రొజెస్టోజెన్ తీసుకునే పద్ధతిలో ఉన్నవారు ఆ రోజులు పూర్తయిన తరువాత ఆపడం మంచిది. ఆ తరువాత కొద్దిరోజులు రక్తస్రావం కావచ్చు. అది అక్కడితో ఆగిపోవాలి. చికిత్స మానిన కొన్ని వారాల తరువాత కూడా రక్తస్రావం కనిపిస్తే, అది మళ్ళీ ముట్టు వచ్చినట్లు భావించి ఊరుకోకుండా స్త్రీవైద్య నిపుణులకు చూపించుకోవాలి.

వెంటనే మానవలసిన సందర్భాలు

తగ్గిస్తూ పోవడానికి వ్యవధి లేని సందర్భాలు కొన్ని ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ బయటపడినప్పుడు, కాలి సిరలలో లేక ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టినప్పుడు, గుండెపోటు, పక్షవాతం వచ్చినప్పుడు సాధారణంగా చికిత్సను వెంటనే నిలిపివేస్తారు. రొమ్ము క్యాన్సర్ తగ్గిన స్త్రీలకు హార్మోనులు ఇచ్చి చూసిన హ్యాబిట్స్ అనే స్వీడిష్ ప్రయోగాన్ని, వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ కావడంతో 2003 డిసెంబరులో ఆపివేశారు. పెద్ద శస్త్రచికిత్స జరగబోయే ముందు, ముఖ్యంగా ఎక్కువరోజులు మంచం మీద ఉండవలసినప్పుడు, నోటిమాత్రలను సుమారు నాలుగు వారాల ముందు ఆపడం గురించి శస్త్రవైద్యునితో మాట్లాడాలి. ఇది తాత్కాలిక విరామం మాత్రమే. తిరిగి మొదలుపెట్టేటప్పుడు పట్టీకి గాని జెల్‌కు గాని మారడం గురించి ఆలోచించవచ్చు, ఎందుకనగా చర్మం ద్వారా ఇచ్చే మామూలు మోతాదు ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచినట్లు కనబడలేదు.

మానకూడని వయస్సు

పై అంకెలన్నీ 50 ఏళ్ళు దాటిన స్త్రీలకు సంబంధించినవి. అంతకన్నా చాలా ముందుగా రజోనివృత్తి జరిగిన స్త్రీలకు వాటిని వర్తింపజేయడం పెద్ద పొరపాటు. 40 ఏళ్ళలోపే అండాశయాలు పనిచేయడం మానినవారికి, శస్త్రచికిత్సలో రెండు అండాశయాలూ తొలగించినవారికి ఈ చికిత్స నిజమైన అర్థంలో పునఃస్థాపన. ఆ వయస్సులో శరీరంలో ఉండవలసిన హార్మోనునే తిరిగి ఇస్తున్నారన్న మాట. ఇటువంటివారు చికిత్స లేకుండా ఉంటే ఎముకలు త్వరగా గుల్లబారడం, గుండె జబ్బు ముందుగా రావడం జరుగుతుంది. అందుచేత వేరే అభ్యంతరం ఏదీ లేకుంటే, సహజ రజోనివృత్తి వయస్సు వచ్చేవరకు కొనసాగించాలని మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. ఐదేళ్ళకు మించి హార్మోనులు వాడకూడదు అన్న మాట విని 36 ఏళ్ళ స్త్రీ 41వ ఏట మానివేయడం అనర్థం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు ఈ విషయం ప్రత్యేకంగా వర్తిస్తుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ మధ్య వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీసివేయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం ఉన్నారు. వీరిలో చాలామందికి 40 ఏళ్ళు నిండకముందే ఈ ఆపరేషన్ జరిగింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేశారా లేదా అన్నది రోగికి తెలియకపోవడం మన ప్రాంతంలో అరుదు కాదు. అండాశయాలు ఉంచినా అవి కొంత ముందుగానే పనిచేయడం ఆగిపోవచ్చు. పైగా ముట్టు రాదు కనుక రజోనివృత్తి ఎప్పుడు జరిగిందో తెలిసే గుర్తు ఉండదు. ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితాలను దాచుకుని, అందులో ఏమి తీసివేశారో వైద్యునితో చదివించుకొనడం ప్రతి స్త్రీకి అవసరం. భారతదేశంలో ఈ చికిత్స వాడేవారి సంఖ్య మొత్తం మీద చాలా తక్కువ. కనుక మన దగ్గర మానలేక బాధపడేవారి కన్నా, కావలసి ఉండి అసలు మొదలుపెట్టనివారు, మొదలుపెట్టి భయంతో మధ్యలో వదిలివేసినవారే ఎక్కువగా ఉంటారని భావించవచ్చు.

మానిన తరువాత తోడ్పడేవి

వేడి ఆవిర్లు తిరిగి వచ్చినా హార్మోనులు వాడలేనివారికి కొన్ని ఇతర మందులు ఉన్నాయి. కుంగుబాటుకు వాడే మందులలో కొన్ని తక్కువ మోతాదులో వేడి ఆవిర్లను కొంతవరకు తగ్గిస్తాయి. వీటిలో పారోక్సెటిన్‌కు 7.5 మిల్లీగ్రాముల మోతాదులో 2013లో అమెరికాలో ఇందుకొరకే అనుమతి లభించింది. అయితే రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవారు పారోక్సెటిన్ వాడకూడదు, అది టామాక్సిఫెన్ శరీరంలో పనిచేసే రూపానికి మారకుండా అడ్డుపడుతుంది. గాబాపెంటిన్ రాత్రి చెమటలకు ఉపయోగపడుతుంది. పైన చెప్పిన హైపోథలామస్ నాడీకణాలపై నేరుగా పనిచేసే ఫెజోలినెటాంట్ అనే హార్మోనేతర మందుకు 2023 మేలోను, ఎలింజానెటాంట్‌కు 2025 అక్టోబరులోను అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. ఫెజోలినెటాంట్ అరుదుగా కాలేయానికి హాని చేయవచ్చునని 2024 డిసెంబరులో ఆ సంస్థ హెచ్చరిక జోడించింది, కనుక వాడేవారు కాలేయ పరీక్షలు చేయించుకోవాలి.

మందులు కాని పద్ధతులలో ఆలోచనా సరళిని మార్చే మానసిక చికిత్సకు మంచి ఆధారాలు ఉన్నాయి. ఇది వేడి ఆవిర్ల సంఖ్యను అంతగా తగ్గించకపోయినా వాటివలన కలిగే యాతనను తగ్గిస్తుంది. పలుచని నూలు బట్టలు, పడకగదిలో గాలి, బరువు తగ్గడం, పొగాకు మానడం మేలు చేస్తాయి. సోయా గింజలు, రకరకాల మూలికల గురించి ప్రచారం ఎక్కువ, ఫలితాలు నిలకడ లేనివి. మూలికలు కదా అని రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు వైద్యునికి చెప్పకుండా వాడడం మంచిది కాదు.

ఎంతకాలం వాడవచ్చు?

2002 తరువాత కొన్నేళ్ళు, అతి తక్కువ మోతాదులో అతి తక్కువ కాలం అన్న సూత్రం వేదవాక్కుగా చలామణి అయింది. తరువాతి పరిశీలనలు దీనిని సడలించాయి. విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ స్త్రీలను 18 ఏళ్ళు గమనించి 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మందు వాడినవారి, వాడనివారి మొత్తం మరణాలలో తేడా లేదు (27.1 శాతం, 27.6 శాతం). 60 ఏళ్ళలోపు గాని, రజోనివృత్తి జరిగిన పదేళ్ళలోపు గాని మొదలుపెట్టినవారికి లాభమే ఎక్కువ అన్న అభిప్రాయం బలపడింది. 65 ఏళ్ళు నిండాయన్న ఒక్క కారణంతో ఎవరికీ చికిత్స ఆపనవసరం లేదని ఉత్తర అమెరికా రజోనివృత్తి సంఘం 2022 నాటి ప్రకటనలో పేర్కొంది. ఏడాదికొకసారి లాభనష్టాలను బేరీజు వేసుకుని, కొనసాగించాలో, తగ్గించాలో, మానాలో నిర్ణయించుకోవాలన్నది నేడు ఎక్కువమంది అనుసరిస్తున్న విధానం.

ఈస్ట్రోజెన్ మందుల పెట్టెలపై 2003 నుండి ముద్రిస్తూ వచ్చిన గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు వ్యాధి హెచ్చరికలను తొలగించే ప్రక్రియను ప్రారంభిస్తున్నట్లు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025 నవంబరు 10న ప్రకటించింది. ఈస్ట్రోజెన్‌ను ఒంటరిగా వాడితే గర్భాశయపు పొరకు వచ్చే క్యాన్సర్ గురించిన హెచ్చరికను మాత్రం ఉంచుతున్నట్లు చెప్పింది. ఈ నిర్ణయాన్ని చాలామంది స్త్రీవైద్యులు స్వాగతించగా, యోనిలో వాడే తక్కువ మోతాదు మందులకు ఇది సరైనదే గాని మాత్రలకూ పట్టీలకూ ఒకే మాట వర్తించదని మరికొందరు నిపుణులు అభ్యంతరం తెలిపారు.